తలుపు దగ్గర మనిషి

ఫొటోలు తీసేవాళ్ళు తలుపు మూయరు. ఇది నా అభిప్రాయం కాదు. చూసిన సంగతి.

ఆమెను మొదటిసారి చూసిన రోజు మా చేపల గోదాములో ఫ్రీజర్ గది తలుపు బార్లా తెరిచి ఉంది. తలుపు మూసుకోకుండా ఒక నల్ల సంచి అడ్డం పెట్టారు. లోపల ఆమె ఒక పెద్ద చేప ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అలిగిన పిల్లను బతిమాలుతున్నట్టు మాట్లాడుతోంది.

"కొంచెం ఇటు తిరగమ్మా. నీ కన్ను కనపడాలి."

"సంచి తియ్యండి," అన్నాను.

"ఒక్క నిమిషం. లైట్ బాగా పడుతోంది."

"చలంతా పోతోంది."

"మీ దగ్గర బోలెడుందిగా!"

సంచి నేనే లాగేశాను. తలుపు పడింది. వెలుగు పోయింది. లోపల ఆమె ఏమని తిట్టిందో తలుపు మందం వల్ల వినపడలేదు. తరువాత అడిగితే చెప్పింది. రాయదగిన మాట కాదు.

ఆమె తీసిన చేపల ఫొటోలు కంపెనీ కేటలాగ్ కోసం. యజమానికి తెగ నచ్చాయి. ఇంకేమైనా కావాలా అని అడిగాడు. సాయంత్రాలు ఫ్రీజర్ గది వాడుకోనివ్వండి అంది.

"ఈ చలికాలం ఉత్తరాన గడ్డకట్టిన సరస్సు ఫొటోలు తీయడానికి వెళ్తున్నానండీ. మన ఊళ్ళో చలి అంటే ఫ్యాన్ ఆపుకోవడమే కదా. అక్కడికెళ్ళాక నేర్చుకుందామంటే వేళ్ళు మిగలవు. ఇక్కడ ప్రాక్టీస్ చేసుకుంటా."

యజమాని నవ్వి నావైపు వేలు చూపించాడు. "మా ఆపరేటర్ తలుపు దగ్గర ఉంటాడు."

నన్నెవరూ అడగలేదు.

చలిగదికి ఒక రూలుంది. లోపల ఒకరుంటే తలుపు బయట ఇంకొకరుండాలి. బయటివాడు పిలుస్తూ ఉండాలి, లోపలివాడు పలుకుతూ ఉండాలి. మాట తడబడితే తలుపు తీసి బయటికి లాగాలి. అసలు పలక్కపోతే గంట కొట్టాలి. పిలవడానికి తలుపు పక్కన మైకు డబ్బా ఉంది. మిషన్ల హోరులో వినపడాలని దాని గొంతు బాగా పెంచి పెట్టారు. లోపల గొణిగితే బయట కేకలా వస్తుంది.

నేను మాట్లాడే మనిషిని కాదు. భార్య పోయాక మరీ కాదు. తను పోయి ఏడాది తిరక్కముందే మా మేనత్త నాకు ఒక సంబంధం తెచ్చింది. నా ఇంట్లో ఇంకో ఆడమనిషి మాట ఎత్తినవాళ్ళ గడప తొక్కను అన్నాను, బంధువులందరి ముందూ. తొక్కలేదు. మా అమ్మాయికి తెలుసు. గోదాములో మూటలు మోసే హమాలీలకూ తెలుసు.

అలాంటి నేను రోజూ సాయంత్రం ఒక ఆడమనిషిని మాట్లాడించాలి.

"ఉన్నారా?"

"ఉన్నా."

కాసేపాగి, "ఉన్నారా?"

"ఎక్కడికి పోతానండీ, తలుపు మీరే మూశారుగా! ఇలా ఉన్నారా, ఉన్నారా అంటే ఎవరో ఇల్లు అద్దెకు చూడ్డానికి వచ్చినట్టుంది. వేరే ఏమైనా అడగండి."

"ఏం అడగాలి?"

"అదీ నేనే చెప్పాలా? సరే, నా వేళ్ళెలా ఉన్నాయో అడగండి."

"ఎలా ఉన్నాయి?"

"పల్చటి గ్లవ్స్ వేసుకుంటే వేళ్ళు దొరకట్లేదు. మందంవి వేసుకుంటే బటన్ దొరకట్లేదు. అడిగినందుకు థాంక్స్, తలుపుగారూ."

ఆ పేరు హమాలీలు పట్టుకున్నారు. ఇప్పటికీ వదల్లేదు.

రోజులు గడిచేకొద్దీ నా దగ్గర ప్రశ్నలు అయిపోయాయి. కెమెరా స్టాండు కాళ్ళు పట్టుకుంటే ఇనుము కరుస్తోందంటే గుడ్డ చుట్టమన్నాను. నిన్ననే చుట్టానంది. చీకట్లో బ్యాటరీ మార్చడం వచ్చిందా అన్నాను. వచ్చింది, కాకపోతే ఒకటి చేపల పెట్టెలో పడిందంది. ఆపైన ఇంట్లో ఎవరెవరున్నారని అడిగాను. రూలు కోసమే అడిగాను. అమ్మ, ఒక కుక్క, పెళ్ళి ఎప్పుడని అడిగే ఇరుగుపొరుగు అంది.

ఒకసారి బయటికి వచ్చేటప్పటికి ఆమె కనురెప్పల మీద తెల్లగా మంచు నూగు పట్టింది. కెమెరాను గాలి చొరని సంచిలో పెట్టి బిగించేసింది.

"అలా మూటకడితే ఎలా? మిషన్ గదిలో పెట్టండి. వెచ్చగా ఉంటుంది."

"అమ్మో! ఒక్కసారిగా వేడి తగిలితే లోపలంతా చెమ్మ పడుతుంది. దీన్ని మెల్లగా రానివ్వాలి. తొందరపెట్టకూడదు." నావైపు చూసింది. "కొంతమంది మనుషులూ అంతే."

"ఎవరు?"

"మా కుక్క."

కుక్క మనిషెలా అవుతుందో అడగాల్సింది. తోచలేదు.

అప్పట్నుంచి మధ్యాహ్నం దాటితే నాకు కాలు నిలిచేది కాదు. చలి ఎంతుందో చూపే గేజిని చూసిందే మళ్ళీ చూసేవాణ్ణి. మూసిన తలుపునే మళ్ళీ నొక్కేవాణ్ణి. సెలవు రోజు ఇంట్లో కూడా వసారా నుంచి వంటింటికీ, వంటింటి నుంచి వసారాకీ.

"నాన్నా, కూర్చో. కాలుకాలిన పిల్లిలా ఏంటా తిరగడం?" అంది మా అమ్మాయి. కాలేజీ చదువు, నోరు పెద్దది. "నిన్న చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్ళావ్. చేపల కోసమా?"

"చదువుకో."

"చదువుతున్నా. నీ మొహమే."

ప్రయాణం దగ్గర పడ్డాక ఒక సాయంత్రం ఆమె గ్లవ్స్ తొడుక్కుంటూ మామూలుగా చెప్పింది.

"నాతో వస్తానన్న ఫ్రెండ్‌కి కాలు విరిగిందండీ. పర్లేదు, ఒక్కదాన్నే వెళ్తా."

"వద్దు."

"ఏం?"

"చలిలోకి ఒంటరిగా పోకూడదు. రూలు."

"అది ఈ గదికి. అక్కడ తలుపే ఉండదు."

"అందుకే వద్దంటున్నా."

ఆమె చేతులు ఆగాయి. "వద్దంటోంది రూలా? మీరా?"

చూడక్కర్లేని గేజి ఒకటి చూడ్డానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆమె లేదు. మర్నాడు కూడా రాలేదు.

ఆ రోజు హమాలీల మీద కేకలేశాను. తప్పు వాళ్ళది కాదని వాళ్ళకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంటికి పోబుద్ధి కాలేదు. అక్కడ ఉండబుద్ధీ కాలేదు.

"వెళ్ళి చెప్పొచ్చుగా," అంది మా అమ్మాయి.

"ఏం చెప్పాలి?"

"నాకేం తెలుసు, చిన్నపిల్లని."

"మీ అమ్మ ఫొటో ఉన్న ఇంట్లో..."

"అమ్మను అడ్డం పెట్టుకోకు నాన్నా. అమ్మ ఎప్పుడూ నీకు అడ్డం రాలేదు. నీకు అడ్డం నీ పంతమే."

ఆ పిల్లకు అన్నం వడ్డించి బయటికొచ్చి నిలబడ్డాను.  

ప్రయాణానికి ముందురోజు ఆమె వచ్చింది. అదే సమయానికి ఫ్రీజర్ గదిలో ఫ్యాన్ మంచు కట్టి ఆగిపోయింది. వెంటనే లోపలికి పోవాలి. బయట లారీ లోడింగ్, హమాలీలెవరూ ఖాళీగా లేరు.

"తలుపు దగ్గర నేనుంటా," అంది.

"పిలుస్తూ ఉండాలి."

"తెలుసండీ. ఇన్నాళ్ళూ పలికింది ఎవరు?"

మందం కోటు వేసుకుని లోపలికెళ్ళాను. నిచ్చెన ఎక్కి మంచు కొడుతుంటే డబ్బా పలికింది.

"ఉన్నారా?"

"ఉన్నా."

"ఫ్యాన్?"

"తిరగట్లేదు."

"నేను ఒక్కదాన్నే వెళ్ళడం మీకు ఇష్టమేనా?"

సుత్తి కొంచెం గట్టిగా వేశాను.

"వినపడలేదా?"

"ఉన్నా."

"ఉన్నారని తెలుసు. అడిగింది అది కాదు. పలక్కపోతే గంట కొట్టాలి కదా?"

"కొట్టొద్దు. లోడింగ్ ఆగిపోద్ది."

"అయితే పలకండి."

"ఇష్టం లేదు."

"ఎందుకు?"

"మంచు మీద జారితే?"

"జారితే లేస్తా. ఎందుకు?"

"దారి తప్పితే?"

"గంట మీద చెయ్యి పెట్టానండీ."

ఫ్యాన్ తిరగడం మొదలైంది, నేను ఇంకా నిచ్చెన మీదే ఉన్నాను. దిగి పారిపోవడానికి ఆ గదికి ఒకటే తలుపు. దాని ముందు ఆమె ఉంది.

"మీరు రాకపోతే నాకు కాలు నిలవట్లేదు," అన్నాను. "ఏ పనిలో ఉన్నా తలుపు వైపే చూస్తున్నా. మీరంటే ఇష్టం. అందుకే ఇష్టం లేదు."

గంట మీంచి చెయ్యి తీసిన చప్పుడు డబ్బాలో వినపడింది.

"మాట తడబడుతోంది," అంది. ఆమె మాట కూడా సరిగా లేదు. "రూలు ప్రకారం బయటికి లాగెయ్యాలి."

తలుపు తెరుచుకుంది. లోపలికి వచ్చి నా చెయ్యి పట్టుకుని నిజంగానే లాగింది.

బయట లోడింగ్ ఆగిపోయి ఉంది. గంట ఎవరూ కొట్టలేదు. హమాలీలు భుజాల మీద పెట్టెలతోనే నిలబడి చూస్తున్నారు. డబ్బా గొంతు ఆఫీసుదాకా పోయింది. యజమాని కిటికీలోంచి తల బయటపెట్టి, నేను అడక్కుండానే ఆమెతో వెళ్ళడానికి సెలవు ఇచ్చేశానన్నాడు. వాళ్ళందరికీ ముందు, కాలేజీ నుంచి నేరుగా వచ్చిన మా అమ్మాయి, పుస్తకాల సంచితో. కళ్ళు తుడుచుకుంటూ పళ్ళికిలిస్తోంది.

"నాన్నా, ఇంకోసారి చెప్పవా? ఫోన్ తీసేలోపే అయిపోయింది."

"చెప్పను."

"ఆంటీ, మా నాన్న కోటు చేపల వాసనండీ. రైల్లో మీ ఇద్దరి చుట్టూ సీట్లన్నీ ఖాళీయే."

"అదే కావాలమ్మా," అంది ఆమె. నా చెయ్యి ఇంకా వదల్లేదు.

రాత్రికల్లా మేనత్తకు కబురు చేరింది. ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఒక రోజుకు ఒక పంతమే వదలగలను.

కాలు విరిగిన ఫ్రెండ్ సీటు నాకు వచ్చింది. రైలు కదిలి ఊరి దీపాలు వెనక్కి పోతుంటే ఆమె గ్లవ్స్ ఒళ్ళో పెట్టుకుని నావైపు తిరిగింది.

"ఇప్పుడు తలుపు లేదు, గంట లేదు. ఎవరూ వినరు. ఆ మాట ఒక్కసారి మామూలుగా చెప్పండి."

చలిగదిలో ఒకసారి చెప్పాను. వినాల్సినవాళ్ళూ విన్నారు, అక్కర్లేనివాళ్ళూ విన్నారు. మళ్ళీ నా నోట రాదు. ఆమె అడిగినా సరే, ఇంకెవరు అడిగినా సరే.