మూడో అంతస్తు చివరి గీజర్

గల్ఫ్ దేశంలో, అల్ ఖూజ్‌లోని ఆ కార్మికుల క్యాంపులో మూడో అంతస్తు చివరి బాత్రూమ్‌కు మంచి పేరు లేదు. అందులో జారిపడి చనిపోయిన మనిషెవరో తెల్లవారకముందే గోడ కొడతాడని చెప్పుకునేవారు. చలి ముదిరినా అటు ఎవరూ వెళ్లేవారు కాదు. మిగతా రెండు బాత్రూమ్‌ల ముందే బకెట్లతో వరస కట్టేవారు.

ఆ దయ్యాన్ని పుట్టించింది క్యాంపు ప్లంబరు భూమేశ్. ఎండాకాలమంతా మిద్దె మీది ట్యాంకు నీళ్లే కాగిపోతాయి కాబట్టి గీజర్లు ఆపేస్తారు. చలికి ముందే వాటిని విప్పి, కాయిల్‌కు పట్టిన గార గీకి, మళ్లీ బిగించాలి. రెండు బాగుచేసేసరికి మనవాడికి బద్ధకం వచ్చింది. మూడోదీ చేసినట్టు కాగితం మీద సంతకం పెట్టేసి, ఎవరూ అటు రాకుండా దయ్యాన్ని కాపలా పెట్టాడు.

ఇప్పుడేమో పొద్దున్నే ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, తనిఖీకి వస్తున్నాడని కబురు. దొరికితే ఉద్యోగం ఊడుతుంది. అందుకే నాలుగింటికే లేచి, సామాను సంచితో చప్పుడు కాకుండా బయల్దేరాడు.

వరండా చీకటిగా ఉంది. చివరి తలుపు దగ్గరికి వచ్చాడో లేదో…

టక్… టక్… టక్.

భూమేశ్ కాళ్లు ఆగిపోయాయి. అక్కడ దయ్యం లేదని క్యాంపు మొత్తంలో తెలిసినవాడు తనొక్కడే — మరి కొడుతున్నదెవరు?

తలుపు సందులో నీలంగా ఏదో మినుకుమంది. తలుపు కింద నుంచి చల్లటి నీళ్లు పారి కాలివేళ్లకు తగిలాయి.

"ఎవలు…?"

చప్పుడు ఆగింది.

"భూమేశూ… నువ్వు లోపటికి రాకు బిడ్డా."

తన పేరు వినేసరికి ఒకడుగు వెనక్కి వేశాడు. కానీ ఆ గొంతు తెలిసిందే. గుండె చిక్కబట్టుకొని తలుపు తోశాడు.

బోర్లించిన బకెట్ మీద రాజేశ్వర్ — తన గదిలోనే ఉండే పెద్దాయన. గోడకు ఆనించిన సెల్‌ఫోన్ వెలుగులో కాయిల్‌ను నేలకు కొడుతూ గార రాలుస్తున్నాడు. దగ్గు ఆపుకోలేకపోతున్నాడు.

"మొన్న వరసల నిలవడలేక ఇటొచ్చి నల్లా తిప్పి చూస్తె సల్లనీళ్లే," అన్నాడు మెల్లగా. "నీకు దయ్యమంటె బుగులాయె, ఎట్ల చేస్తవు పాపం? కంపెనోళ్లకు తెలిస్తె నీ నౌకరి పాయె. అందుకే ఎవలకు తెల్వకుంట నేనే చేస్తున్న."

భూమేశ్‌కు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"నీకు బుగులు లేదా కాకా?"

"ఎందుకుండదు బిడ్డా… కాళ్లు వణుకుతుంటె దండం పెట్టుకొని వచ్చిన. నువ్వొచ్చినవు గద, ఇగ ధైర్యమే. జర పక్కన కూసో."

కూర్చున్నాడు. ఆ దయ్యం తానేనని ఎలా చెప్పాలో తెలియక, ఆయన చేతిలోని కాయిల్ అందుకొని గీకడం మొదలుపెట్టాడు.