నోట్లో గుండుసూదులు

పొద్దున్నే టైలరింగ్ షాపు షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచీ చెల్లెలికి కాలు నిలవడం లేదు. అక్కేమో గర్భసంచి క్యాన్సర్‌కి మందులెక్కించుకుంటూనే మిషన్ తొక్కుతోంది. కాస్త పడుకోమంటే వింటేగా!

"అక్కా, ఆ ఇంజెక్షన్లు ఆపమని నిజంగా ఆసుపత్రివాళ్లే చెప్పారా?"

"ఎన్నిసార్లు అడుగుతావే? నర్సు ఫోన్ చేసి చెప్పింది. ఇక చాలట."

"కాల్లో రక్తం గడ్డకట్టిందనేగా రోజూ వెయ్యమన్నారు! అప్పుడే ఎలా చాలు?"

"నువ్వు నా చెల్లెలివా, పోలీసువా? ముందు ఆ కోటుకి గుండీలు కుట్టు."

అక్క నోటి ముందు నిలిచేదెవరు? చెల్లెలు గుండీలు తీసుకుంది గానీ మనసు కుదురుగా లేదు. ఆ ఇంజెక్షన్లు రోజూ వేసింది తనే. ఎంత ఖరీదైన గుడ్డ మీదైనా వణకకుండా కత్తెర నడిపే చెయ్యి, అక్క పొట్ట దగ్గరికొచ్చేసరికి గజగజలాడేది. వేసేసి బాత్రూంలో దూరి, కుళాయి తిప్పుకుని ఏడ్చేది. పోయిన వారం అక్క "ఇక వద్దన్నారు" అనగానే, సిగ్గు లేకుండా హమ్మయ్య అనుకుంది కూడా.

అక్క చేతిలోని కప్పు కిందపడి భళ్లుమంది. చెల్లెలు తల ఎత్తలేదు. మందులు మొదలయ్యాక అక్క వేళ్లు మొద్దుబారి, వస్తువులు జారిపోవడం ఆ ఇంట్లో మామూలే. కాసేపటికి అక్క ముద్దముద్దగా ఏదో అంది.

"ఆ గుండుసూదులు తీసి మాట్లాడవే! మింగితే తెలుస్తుంది."

పెదాల మధ్య నాలుగు గుండుసూదులు పెట్టుకుని పని చెయ్యడం, అలాగే కస్టమర్లని తిట్టడం అక్కకి ఏళ్ల నాటి అలవాటు. మళ్లీ అదే ముద్దమాట. చెల్లెలు విసుగ్గా చూసింది.

గుండుసూదులన్నీ అక్క మణికట్టుకి కట్టుకున్న చిన్న దిండుకే ఉన్నాయి. నోట్లో ఒక్కటీ లేదు. మూతి ఒక పక్కకి వంకరపోయింది. ఎడమచెయ్యి పక్కకి వేలాడుతోంది.

"ఏమండీ! వ్యాను తియ్యండి!"

బయట వ్యాను తుడుస్తున్న భర్త పరుగెత్తుకొచ్చాడు. "నీరసమేమోనే, వదిన్ని కాసేపు పడుకోబెడితే..."

"నీరసానికి మూతి వంకరపోతుందా? తియ్యమంటుంటే!"

అతను వదినని రెండు చేతుల మీదా ఎత్తుకున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి, "రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్ రోజూ వేస్తున్నారా?"

"మీరే ఆపమన్నారట కదండీ?"

"మేమెందుకు ఆపమంటాం? ఈ క్యాన్సర్‌లో రక్తం తొందరగా గడ్డకడుతుంది. ఇప్పుడు మెదడుకెళ్లే నాళానికి గడ్డ అడ్డుపడి పక్షవాతం వచ్చింది. వెంటనే తెచ్చారు కాబట్టి తీయడానికి వీలుంది."

గడ్డ తీశారు. మర్నాటికి అక్కకి మాట కూడబలుక్కుంటూ వచ్చింది. నెమ్మదిగా అడగాలనుకుంటూనే చెల్లెలు గదిలోకెళ్లింది. ఆ మొహం చూడగానే కోపం కట్ట తెంచుకుంది.

"నర్సు లేదు, ఫోనూ లేదు! ఎందుకే అంత అబద్ధం? నన్ను ఒంటరిదాన్ని చేసి పోదామనా?"

అక్క కళ్లు నిండాయి. "కుళాయి... చప్పుడు... వినబడేది."

"ఏ కుళాయి?"

"బాత్రూంలో. రోజూ. నా మూలాన... నువ్వు ఏడుస్తుంటే... వినలేకపోయానే."

చెల్లెలు అక్క భుజం మీద తల పెట్టి భోరుమంది.

"ఏడిస్తే ఏడుస్తానే పిచ్చిదానా! ఏడుస్తూనే వేస్తా. ఏడుపు తుడుచుకుంటే పోతుంది. నువ్వు పోతే నేనెవరితో పోట్లాడాలి?"

డాక్టరమ్మ చెప్పాక ఇంజెక్షన్లు మళ్లీ మొదలయ్యాయి. ఇంటికొచ్చిన తొలి పొద్దున చెల్లెలి చెయ్యి షరా మామూలుగా వణికింది. అక్క ఆ చేతినే చూస్తోంది.

"వంకరగా... కుట్టినా పర్లేదు. నేనున్నాగా... విప్పి... మళ్లీ కుట్టిస్తా."

చెల్లెలు నవ్వుతూ, ఏడుస్తూ సూది దింపింది. తర్వాత లేచి బాత్రూంకి వెళ్లలేదు. అక్క పక్కనే కూర్చుని, ఆమె చీర కొంగుతోనే కళ్లు తుడుచుకుంది.