పిల్లితో చెప్పిన మాటలు

వకుళ ఆ పూట తెర ముందు కూచుని కోనపాలెం ఏడో వీధి ఎండుపోగులు, అంటే ఎండిపోబోయే బంధాలు, కోస్తోంది. అల్లిక అనే లెక్కల యంత్రం ఒక్కొక్క పోగునీ తెర మీదికి తెస్తుంది: ఇద్దరు మనుషులకు రెండు ముడులు, మధ్య సన్నటి గీత, రాబోయే పదేళ్ళలో ఆ గీత ఏమవుతుందో చూపే వంపు. వంపు నేలను తాకితే వకుళ తెర మీద బొటనవేలు ఆనించాలి. గీత మాసిపోతుంది. మనిషి వేలు పడకుండా ఏ పోగూ తెగకూడదని నిబంధన. వేలు ఆనించిన ప్రతిసారీ ఆమె కళ్ళు ఒక్క క్షణం మూసుకుంటుంది. అది నిబంధనల్లో లేదు.

సముద్రం ముందుకొచ్చిన తొలి రోజుల్లో తీరం జనాన్ని చీటీలు తీసి మెరక పట్నాలకు పంపారు. ఇళ్ళు బాగున్నాయి, నీళ్ళు బాగున్నాయి, మనుషులే ఒక్కొక్కరుగా వాడిపోయారు. వకుళ అమ్మమ్మ అలా వెళ్ళినావిడే. బస్సు కిటికీలోంచి ఊగిన ఆ చెయ్యి వకుళకి ఇప్పటికీ కలలో వస్తుంది. ఆ తప్పు మళ్ళీ జరగకూడదనే అల్లికను తయారుచేశారు. పదిమంది ఉన్నవాళ్ళకే పదకొండోవాళ్ళు దొరుకుతారనీ, ఇద్దరికీ కావలసిన మనిషి ఒకరుంటే ఆ ఇద్దరూ ఏనాటికైనా దగ్గరవుతారనీ, పలకరింపు ఆగిన పోగు సన్నబడుతుందనీ దానికి తెలుసు. వీటితోనే అది ఊరి వల ఎలా పెరుగుతుందో లెక్కగట్టి, కలిసుండబోయేవాళ్ళను ఒకే పట్నానికి పంపుతుంది. కోనపాలెం బస్సులు రేపు బయలుదేరతాయి.

తరువాతి పోగు వచ్చింది. జాహ్నవమ్మ, భవ్యమ్మ. ఒకే గోడకు ఇటొక ఇల్లు, అటొక ఇల్లు. ఇద్దరూ ఒంటరివాళ్ళే. ఏళ్ళ తరబడి పలకరింపు సున్న. ఒకరికి మెట్టపురం, ఒకరికి ఎర్రకొండ.

వకుళ వేలు ఆగింది. తెర అంచున శేషం ఎర్రగా వెలుగుతోంది. లెక్కకు అందకుండా మిగిలిపోయేదే శేషం. సున్న పోగుకి అది ఉండకూడదు. కానీ తెర చెప్పేదాన్ని బట్టి, జాహ్నవమ్మ జ్వరంతో పడుకున్న వారమంతా భవ్యమ్మ కూడా గడప దాటలేదు.

"ప్రభంజన్ గారూ, ఇక్కడ కాస్త శేషం మిగులుతోందండి."

పర్యవేక్షకుడు టీ ఊదుకుంటూ తల తిప్పాడు. "చిన్నదైతే దులిపెయ్యమ్మా. సాయంత్రానికి జాబితా పోవాలి."

"ఒకసారి చూసొస్తానండి."

"చూడు. ఎవరితోనూ కలిసిపోకు. నువ్వు గుంజవి, గుర్తుందిగా."

గుర్తుంది. కోతపని చేసేవాళ్ళు ఊళ్ళోవాళ్ళలా మెడలో మాటపూస కట్టరు. వాళ్ళకు వలలో ఏ పోగూ ఉండదు. పడవలు కట్టే గుంజలా కదలకుండా ఉంటారు కాబట్టే అల్లిక దూరాలన్నీ వాళ్ళ నుంచి కొలుస్తుంది. ఒక ఊరు ఖాళీ అయితే మరో ఊరు. వకుళకి ఎవరూ వీడ్కోలు చెప్పరు. ఆమెకు ఆ ఏర్పాటు నచ్చింది.

రెండు అరుగుల మధ్య నడుమెత్తు గోడ. గోడ మీద బూడిదరంగు పిల్లి. ఇవతల భవ్యమ్మ రొయ్యలు ఒలుస్తోంది. అవతల జాహ్నవమ్మ బట్టలు మడతపెడుతోంది. ఇద్దరి మెడల్లోనూ మాటపూసలున్నాయి. పూస మాటను దాచుకోదు. ఎవరు ఎవరిని పిలిచారో అంతవరకే పట్టుకుంటుంది.

వకుళ పేరూ పనీ చెప్పుకొని అరుగు చివర కూచుంది.

"ఒసే పిల్లీ," అంది భవ్యమ్మ, "కొంతమందికి పొద్దుటి బీపీ బిళ్ళ గుర్తుండదు. చెబితే రోషం."

"వేసుకున్నానని చెప్పవే పిల్లీ," అంది జాహ్నవమ్మ తల ఎత్తకుండానే. "అక్కడ పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. ముందు అది చూసుకోమను."

భవ్యమ్మ లోపలికి పరిగెత్తింది. పిల్లి ఒక రొయ్య తలకాయ నోట కరుచుకుంది.

వకుళకి శేషం అర్థమైంది. జంతువులతో పలికే పలుకును పూస చెత్తగా పారబోస్తుంది. ఇన్నేళ్ళ మాటలు అలా పోయాయి.

"మీరిద్దరూ మాట్లాడుకోరా అండి?"

"మాకు మాటల్లేవు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"వాళ్ళ తమ్ముడి పెళ్ళిలో నన్ను రెండో బంతిలో కూచోబెట్టారమ్మా," అంది జాహ్నవమ్మ. "ఊళ్ళో అందరూ తినేశాక."

భవ్యమ్మ పిల్లి వైపు తిరిగింది. "మొదటి బంతిలో కూర ఉప్పుకషాయం. మళ్ళీ వండించి, మంచిది రెండో బంతిలో పెట్టించాను. అది ఎవరికి కావాలిలే."

మడతపెట్టే చేతులు ఆగాయి. "ఇన్నేళ్ళూ చెప్పలేదేంటో అడగవే."

"అడిగితేగా చెప్పడానికి."

వకుళ ఇక ఆగలేక చెప్పేసింది. రేపు ఒకరు మెట్టపురం, ఒకరు ఎర్రకొండ. మధ్య ఒక పగలంతా ప్రయాణం. ఈ సాయంత్రంలోగా ఒకరినొకరు పిలుచుకొని నాలుగు మాటలనుకుంటే పూస పట్టుకుంటుంది.

జాహ్నవమ్మ మడతపెట్టిన చీరనే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"అయితే పిల్లి ఎటు?" అంది జాహ్నవమ్మ.

భవ్యమ్మ పెదవులు కదిలాయి. పమిటతో మూతి తుడుచుకుంది. "ఏమని పిలిచేదాన్నో గుర్తురావట్లేదమ్మా. వదినా అనేదాన్నో, పేరు పెట్టేదాన్నో. ఇప్పుడు మొహం మీద పిలవాలంటే సిగ్గుగా ఉంది."

"నాకూ అంతే," అంది జాహ్నవమ్మ మెల్లగా. "నువ్వే ఏదోటి చెయ్యి తల్లీ."

వకుళ ఫోను తీసింది. "ప్రభంజన్ గారూ, పిల్లిని ముడిగా తీసుకోవచ్చాండి?"

ఆయన నవ్వాడు. "పిల్లిని తీసుకుంటే కాకినీ, వీధికుక్కనీ తీసుకోవాలి. ఊరంతా ఒకటే ముద్దవుతుంది. వాళ్ళిద్దరికీ మధ్య మనిషి ఉండాలి. అలాంటి మనిషుంటే అల్లిక ముగ్గుర్నీ ఒకచోటే ఉంచుతుంది."

"మనిషి ఉందండి."

"ఎవరు?"

వకుళ సంచిలోంచి కొత్త పూస తీసింది. పురిటి ఇళ్ళలో ఇవ్వడానికి ఒకటి ఎప్పుడూ ఉంచుకుంటుంది. "నేనేనండి," అంటూ దాని తాడు తన మెడకు చుట్టుకుంది. ఫోనులో నవ్వు ఆగిపోయింది.

"వకుళా, ఆగు. గుంజ కదిలితే కొలతలన్నీ మొదటికొస్తాయి. రేపు బస్సులు కదలవు. నీకు ఈ పని ఉండదు. నీకూ ఒక ఊరు పడుతుంది. అది ఎలాంటిదో నేను చెప్పలేను."

"భయంగానే ఉందండి," అంది వకుళ. ముడి బిగించింది.

భవ్యమ్మ ఆ పూసను కాసేపు చూసింది. రొయ్యల గిన్నె ఒళ్ళోకి లాక్కుంది. "అమ్మాయ్ వకుళా, ఆవిణ్ణి అడుగు, పులుసులోకి చింతపండు ఉందేమోనని."

జాహ్నవమ్మ చేతికందే దూరంలోనే ఉంది. వకుళ ఆమె వైపు తిరిగింది.

"జాహ్నవమ్మ గారూ, భవ్యమ్మ గారు చింతపండు అడుగుతున్నారండి."

"ఉందని చెప్పు వకుళా. నిన్ను కూడా తినెళ్ళమంటోందేమో కనుక్కో."

"అనకుండా ఉంటానా," అంది భవ్యమ్మ రొయ్యలతో.

పూస వకుళ గొంతు దగ్గర కాస్త వెచ్చబడింది. ఫోనులో ప్రభంజన్ గొంతు మళ్ళీ వినబడింది, ఎవరినో నిద్ర లేపకూడదన్నంత నెమ్మదిగా. "వకుళా, కొలతలు మొదటికొచ్చాయి, పొద్దున నువ్వు కోసిన పోగులు తిరిగి లేస్తున్నాయమ్మా. ఏడో వీధి అంతా. ఇప్పుడు ఆరో వీధి కూడా. పైవాళ్ళకి నేనేం చెప్పను?"

జాహ్నవమ్మ చింతపండు ఉండ తెచ్చి వకుళ అరచేతిలో పెట్టింది.

"ఒక్క నిమిషం ఆగండి," అంది వకుళ ఫోనులో, "ఇది భవ్యమ్మ గారికి ఇచ్చొస్తాను."