పరీక్ష దాటని మందు

ఫ్రిజ్ తాళం ఎవరూ పగలగొట్టలేదు. లోపల మందు సీసాలు మాత్రం లేవు.

ఎస్సై జయంతికి దొంగతనాలు కొత్త కాదు. అయినా డాక్టర్ హేమలత ముఖం చూడగానే ఇది మామూలు దొంగతనం కాదని ఆమెకు అర్థమైంది. అనంతపురం శివార్లలోని ఆ ల్యాబ్‌లో హేమలత బ్రెయిన్ ట్యూమర్ల మీద రీసెర్చ్ చేస్తోంది.

"ఏం మందు డాక్టర్?"

"అడినోసిన్ రిసెప్టర్ బ్లాకర్. రక్షణ కణాల మీద బ్రేకులా పనిచేసే ఆ రిసెప్టర్‌ను మూసేస్తే అవి ట్యూమర్ మీద పడతాయని మా అంచనా. ఇంకా ఎలుకల దగ్గరే ఉన్నాం."

"మనిషి తాగితే?"

"డోసు ఎంతో ఎవరికీ తెలీదు. గుండె ఆగిపోవచ్చు."

డాక్టర్ కాక తాళంచెవులు ఉన్నది ఇద్దరి దగ్గర. వాచ్‌మన్ చౌడప్ప ఇంట్లో ఏమీ దొరకలేదు. ఇక మిగిలింది ఎలుకల గది చూసుకునే ఓబిలేష్.

పొద్దున పదకొండింటికి జయంతి అతని ఇంట్లో ఉంది. భార్య సుంకమ్మ తలకు తువ్వాలు చుట్టుకుని పడుకుంది.

"ఏమైంది?"

"తలనొప్పి మేడమ్," అన్నాడు ఓబిలేష్. మజ్జిగ అందిస్తుంటే చెయ్యి వణికి సగం కింద ఒలికింది. పోలీసును చూస్తే ఎవరికైనా అంతేలే అనుకుంది జయంతి.

ఇంతలో పక్కింటి ఉమాదేవి టీ తెచ్చింది. ఓబిలేష్ గడపలోనే అడ్డం నిలబడ్డాడు.

"వద్దక్కా. టీ ఇంట్లోకి తేవద్దంటి గదా."

"ఏమప్పా, తలనొప్పి మనిషికీ ఇయ్యవు, ఇంటికొచ్చినోళ్ళకూ ఇయ్యవు." ఆమె సణుక్కుంటూ వెళ్ళిపోయింది.

జీపు ఎక్కబోయి జయంతి ఆగింది. హేమలతకు ఫోన్ చేసింది.

"మీ ఎలుకల గదిలోకి టీ రానిస్తారా?"

"అస్సలు రానివ్వం. టీలోని కెఫీన్ కూడా అదే రిసెప్టర్‌ను పట్టుకుంటుంది, మా ఫలితాలు తప్పుతాయి. టీ, కాఫీ తేవద్దని బయట బోర్డు కూడా పెట్టాం."

జయంతి వెనక్కి పరుగెత్తింది.

"ఆ బోర్డు మీదున్నదే మందుకు పథ్యం అనుకున్నావు, కదా ఓబిలేష్? ఈమెకు ట్యూమర్. ఎంత తాగించినావు? చెప్పప్పా, ప్రాణం పోతాది."

సుంకమ్మే గోడ పట్టుకుని లేచింది.

"నాకు ఒక్క చుక్కా ఇయ్యలేదు మేడమ్. బెంగుళూరులో ఆపరేషన్ కాదన్నారు. ఈ మందు నాకు పడ్తాదో లేదోనని ముందు ఆయప్పే తాగినాడు. రాత్రినుంచి కన్ను మూయలేదు."

జయంతి అతని మణికట్టు పట్టుకుంది. నాడి లెక్కకు అందనంత వేగంగా కొట్టుకుంటోంది. ఆమె భయంతో డ్రైవర్‌ను కేకేసింది.

ఆసుపత్రి దారిపొడవునా ఓబిలేష్ జయంతి చెయ్యి వదల్లేదు.

"మేడమ్, నేను బతికితే ఆ మందు సుంకమ్మకు ఇయ్యొచ్చు గదా?"