నిశ్శబ్ద రక్తం

మూడో వరుస రేఖలేవీ పసుపు దాటలేదు. వారిజ వాటిని చూస్తూనే నడుస్తోంది. ప్రతి మంచం తలాపున గాలిలో వెలిగే ఆ సన్నని గీతను వార్డులో అందరూ తాపరేఖ అంటారు. రోగి ముంజేతికి అంటుకున్న నాడిపట్టీ రక్తాన్ని చదువుతూనే ఉంటుంది. తెల్లకణాల్లో ఏవి పెరిగాయి, ఏవి తగ్గాయి, కాలేయం ఏ ప్రోటీన్లను వదులుతోంది, వాపును రగిలించే సంకేతాలు ఎంత జోరుగా తిరుగుతున్నాయి, అన్నీ దానికి తెలుస్తాయి. పక్షవాతం వచ్చిన మనిషికి ఇక ముందు న్యుమోనియా వస్తుందా, మెదడు వాస్తుందా అన్నది ఆ గీత చెప్పేస్తుంది. గీత ఎక్కితే నిఘా గది, దిగితే సాధారణ వార్డు. ఆ నిర్ణయం తీరంలోని ఆసుపత్రులన్నిటి లెక్కలూ కట్టే దర్శిని అనే యంత్రానిది. వారిజ డాక్టరే అయినా, చాలాసార్లు ఆమె చేసేది దాని మాట కింద వేలిముద్ర వేయడమే.

ఆ ఉదయం ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఏదో మరిచిపోయినట్టు చూసిన మంచం దగ్గరికే మళ్ళీ వెళ్తోంది. కారణం ఆమెకే తెలియదు.

నిఘా గది చివరి మంచంలో గౌరునాయుడు ఉన్నాడు. పోర్టులో క్రేను నడిపిన మనిషి. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. అతని రేఖ మాత్రం లేత నీలంలో, అడుగున, కదలకుండా ఉంది. వార్డు మొత్తంలో అంత నెమ్మదైన రక్తం మరొకటి లేదు. మధ్యాహ్నానికల్లా అతణ్ణి సాధారణ వార్డుకు మార్చమంది దర్శిని. పలాస నుంచి అంబులెన్సులో వస్తున్న ఒక అమ్మాయికి ఆ మంచం కేటాయించింది. ఆమె రేఖ దారిలోనే ఎర్రబడింది.

వేలిముద్ర వేయబోతున్న వారిజ చేతిని గౌరునాయుడు చెల్లెలు నీలవేణి పట్టుకుంది.

"అన్న ఊపిరి బాగోనేదమ్మా. రేతిరి గంజి పట్టినకాడ్నించీ గొంతులో గురగురమంతంది."

వారిజ తెర చూసింది. ఆక్సిజన్ కాస్త తగ్గింది. చుట్టలు తాగిన మనిషికి అది మామూలేనని దర్శిని సరిపెట్టుకుంది. జ్వరం లేదు. అయినా ఆమె గౌరునాయుణ్ణి పక్కకు తిప్పి, వీపు మీద స్టెతస్కోపు ఆనించి విన్నది. కుడి ఊపిరితిత్తి అడుగున తడి చప్పుడు. ఛాతీ ఎక్స్‌రే అడిగితే, రేఖ తక్కువగా ఉంది కాబట్టి అవసరం లేదని దర్శిని తోసిపుచ్చింది.

ఇంటి దగ్గర ఏ మందులు వాడేవాడని వారిజ అడిగింది. బీపీ మాత్రలు తప్ప ఏమీ లేవని ముందు చెప్పింది నీలవేణి. తర్వాత ఏదో గుర్తొచ్చి ఆగింది.

"కీళ్ళు వాచిపోతాయని నెలకోపాలి సూదేయించుకుంటాడు. మందుల కేంపులో ఏత్తారు. అది మొదలెట్టినకాడ్నించీ ఒంటికి జొరమన్నదే నేదు."

ఆ సూది మందు వారిజకు తెలుసు. వాపును రగిలించే సంకేతాన్నే అది మూసేస్తుంది. ఊపిరితిత్తి కాలిపోతున్నా రక్తానికి కబురు చేరదు. నాడిపట్టీ చదువుతున్నది ఆ మూసిన తలుపునే.

పై అంతస్తులో మంచాల పంపిణీ చూసే డాక్టర్ సుదర్శనానికి ఫోన్ చేసింది. ఆమెకు చదువు చెప్పిన మనిషి. సూది సంగతి, గౌరునాయుడి రేఖను నమ్మలేమన్న సంగతి ఆయన ఓపికగా విని, ఒక్క రోగిని లెక్కలోంచి తీయడం కుదరదన్నాడు. ప్రతి రేఖనూ దర్శిని మిగతా వాటితో పోల్చి గీస్తుంది. దర్శిని ఒప్పుకోకుండా ఒక పట్టీ ఊడదీస్తే లెక్కంతా మళ్ళీ కట్టుకోవాలి. సాయంత్రం దాకా తీరమంతటా ఏ వార్డులోనూ రేఖలుండవు.

"ఆ పిల్ల దారిలో ఉంది వారిజా. మంచం ఎక్కణ్ణుంచి తెస్తావ్?"

"తెలీదు సార్."

"ఈయన రక్తం బాగుందని రేఖ అంటోంది కదా."

"బాగుందనట్లేదు సార్. ఏమీ అనట్లేదు. రెండూ ఒకటి కాదు."

ఆయన ఇంకేదో చెబుతున్నాడు. వారిజ ఫోన్ మంచం మీద పెట్టి, గౌరునాయుడి ముంజేతి నుంచి పట్టీని ఊడదీసింది.

ముందు అతని నీలం ఆరిపోయింది. తర్వాత పక్క మంచం పసుపు, దాని పక్కది, ఆ వెనక వరుస. ఎరుపులు కూడా బూడిదరంగుకు తిరిగాయి. డ్యూటీ డాక్టర్లు కుర్చీల్లోంచి లేచారు. కాసేపు ఎవరికీ ఎటు వెళ్ళాలో తోచలేదు. తర్వాత ఒకరు దగ్గర్లో ఉన్న మంచం దగ్గరికి వెళ్ళి, దుప్పటి తొలగించి, రోగి కాళ్ళు తాకి చూశారు. మిగతావాళ్ళూ కదిలారు.

అడ్డు చెప్పే రేఖ లేకపోవడంతో ఎక్స్‌రే యంత్రం ఒప్పుకుంది. కుడి ఊపిరితిత్తి అడుగున తెల్లటి మచ్చ, అరచేయంత. గౌరునాయుడి తల ఎత్తి పెట్టారు, నోటి ద్వారా గంజి ఆపి గొట్టం వేశారు, యాంటీబయాటిక్ ఎక్కించారు. నీలవేణి అన్న ఎడమ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

వారిజ మంచాలన్నీ తిరిగింది. నిఘా గదిలో పొద్దుటిదాకా ఎర్ర రేఖ కింద ఉన్న ఒకాయన లేచి కూర్చుని అన్నం పెట్టలేదని నర్సుతో తగువు పడుతున్నాడు. నోరు తెరిపిస్తే పంటి చిగురు చీము పట్టి ఉంది. రక్తం రేగింది దానికేనేమో. ఆయన మాట, మింగుడు, నడక రెండుసార్లు చూసి సాధారణ వార్డుకు పంపి, ఆ మంచం పలాస అమ్మాయికి ఉంచింది. తప్పు చేస్తున్నానేమో అన్న గుబులు మాత్రం పోలేదు.

అంతలో సుదర్శనం మెట్లు దిగి వచ్చాడు. ఆయన కోపం పట్టలేక వచ్చాడనుకుంది వారిజ. ఆయన నేరుగా ఎక్స్‌రే తెర దగ్గరికి వెళ్ళి ఆ తెల్లటి మచ్చను చూశాడు. అలాంటి సూదులు వేయించుకున్నవాళ్ళు ఇంకెంతమంది నీలం రేఖల కింద ఇళ్ళకు వెళ్ళారని అడిగాడు. పక్క మంచంలోని పెద్దావిడ దగ్గరికి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఇంటికాడ ఏ మందులు వాడేవారమ్మా? గుర్తున్నవన్నీ చెప్పండి. తొందరేం లేదు."

బయట అంబులెన్సు వచ్చి ఆగింది. వారిజ తలుపు వైపు పరుగెత్తింది. లోపలున్న అమ్మాయి ఎలా ఉందో చెప్పే గీత ఏదీ లేదు. స్ట్రెచర్ దించగానే వంగి, ఆమె ముఖంలోకి చూసి, పేరడిగింది.