బ్రేకుల మేస్త్రి మాట

“ఇవి ఆయన మాత్రలు కావత్తయ్యా! ఉత్త బలం బిళ్లలు!”

పెద్దకోడలు ఆ బిళ్లలు అత్తగారి ముందు పెట్టింది. వారం రోజులుగా భర్తకు కంటి మీద కునుకు లేదు. గోడవైపు తిరిగి ఎవరితోనో గొణుగుతున్నాడు. మాత్రలు వేసుకుంటూనే ఉన్నాడు కదా, ఎందుకిలా అవుతోందని ఆమె కుమిలిపోతోంది. రాత్రి అన్నం తిన్నాక కొడుక్కి మాత్ర అందించేది అత్తగారే. తల్లి చేత్తో ఇస్తే మారు మాట్లాడకుండా మింగుతాడు. ఆ తల్లి చెయ్యే ఇంత పని చేసిందా!

అత్తగారు చెంగు నోట్లో కుక్కుకుంది.

“చిన్నోడు మార్చమన్నాడే... డాక్టరే మార్చాడని పెద్దోడితో చెప్పాను. ఆ మాత్రలు వేసుకుంటే నాలిక మందం, చేతులు వణుకు! నలుగురిలో నిలబడి మాట్లాడాల్సినవాడు అలా కనిపిస్తే పిచ్చోడనరా?”

అదీ సంగతి! పిచ్చోడు కాదని లోకానికి చూపించడానికి, మనిషిని మనిషిగా నిలబెడుతున్న మందే మాన్పించారు. ఇంతకన్నా ఘోరం ఉంటుందా, చెప్పండి!

ఆయన బస్సు డిపోలో బ్రేకుల మేస్త్రి. పాప పుట్టిన కొత్తలో ఒకసారి గొంతులు వినబడి, భయపడి, ఆసుపత్రిలో చేరాడు. మందు పడ్డాక మామూలు మనిషయ్యాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇంటిల్లిపాదీ గుట్టుగా నెట్టుకొచ్చారు. ఇప్పుడు ఆ గుట్టు వీధిన పడింది. కొత్తగా వేస్తున్న బ్రేకు సామాను నాసిరకమని, దిగుడు రోడ్డు మీదకు ఆ బస్సులు పంపొద్దని ఆయన అడ్డం తిరిగాడు. జబ్బు సంగతి ఎక్కడ తవ్వారో ఏమో, యజమానులు “పిచ్చోడి మాట” అని కొట్టిపారేశారు. చిన్నోడు, అంటే ఆమె మరిది, అక్కడే సంఘం నాయకుడు. “మా మేస్త్రికి ఏ జబ్బూ లేదు!” అని గోడలన్నీ నింపేశాడు. మనిషికి జ్వరం వస్తే రెండు పార్టీలవుతాయా? ఈ జబ్బుకే ఎందుకమ్మా ఇన్ని జెండాలు!

ఈ బ్రేకుల గొడవ మీద డిపోలో విచారణ ఆ రోజే. ఇంటావిడనూ సాక్ష్యానికి రమ్మన్నారు.

“ముందు ఆసుపత్రికి తీసుకెళ్దాం,” అని ఆమె చెప్పులు వేసుకుంది.

మరిది గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. “ఈ ఒక్క పూట ఓర్చుకో వదినా! ఇవాళ ఆసుపత్రి గేటు దాటాడంటే వాళ్లే గెలిచినట్టు!”

ఆమె భర్తవైపు చూసింది. ఎర్రబడ్డ కళ్లతో ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

“నన్ను మాట్లాడనివ్వవే... ఆ బస్సుల్లో జనం ఎక్కుతున్నారు. చెప్పేశాక నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను.”

ఆ మాటకు ఆమె కరిగిపోయింది. ముందు డిపోకే తీసుకెళ్లింది.

డిపో ఆఫీసులో ఆయన మొదట ఎంత చక్కగా చెప్పాడని! ఏ సామాను ఎలా అరుగుతోందో, దిగుడులో ఏమవుతుందో వివరించాడు. మరిది ముఖం వెలిగిపోయింది. అంతలో ఆయన తల పైకెత్తి ఫ్యాను వంక చూశాడు. “నేను చెప్తున్నాగా... నువ్వాగు!” అని దాన్ని కసిరాడు.

మేనేజరు పకపకా నవ్వాడు. “పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాట్ట వెనకటికొకడు! చెప్పమ్మా, మీ ఆయనకు పిచ్చి ఉందా, లేదా?”

“నిద్ర లేదని చెప్పు వదినా, అంతే చెప్పు,” అని మరిది చెవిలో ఊదాడు.

లేదంటే భర్త దక్కడు. ఉందంటే ఆయన మాట దక్కదు. భగవంతుడా, ఏ ఆడదానికీ ఈ పరీక్ష పెట్టకు! ఆమె లేచి నిలబడింది.

“జబ్బుందండీ. మందు మానిపించారు, అందుకే తిరగబెట్టింది. కానీ బ్రేకుల సంగతి ఆయన పసిగట్టింది నిక్షేపంగా ఉన్నప్పుడు! ఆయన తలనేం చూస్తారు? వెళ్లి ఆ చక్రాలు చూడండి!”

మేనేజరు మొదటి ముక్కే రాయించాడు. మిగతాది ఆడదాని ఏడుపని తీసిపారేశాడు. సాయంత్రానికల్లా “భార్యే ఒప్పుకుంది” అని గేటుకు అంటించారు. సంఘం వాళ్లు గోడల మీది రాతలకు సున్నం కొట్టుకున్నారు.

“కొంప ముంచావు వదినా!” అని వెళ్లిన మరిది మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఆసుపత్రిలో ఆయన నెమ్మదిగా తేరుకున్నాడు. కానీ ఇంటికొచ్చేసరికి ఉద్యోగం లేదు. వీధిలో పలకరించేవాళ్లూ లేరు. పొద్దస్తమానం అరచేతులు చూసుకుంటూ కూర్చునేవాడు. ఒకనాడు మధ్యాహ్నం ఉన్నట్టుండి అడిగాడు.

“నిజం చెప్తావా? ఆ బ్రేకుల మాట... నేనన్నదేనా? లేక అదీ ఆ గొంతులు చెప్పిందేనా?”

ఆమె గుండె చెరువైపోయింది. లోకం నమ్మకపోతే పోయింది... ఆయనకే ఆయన మీద నమ్మకం పోయిందా!

“మీరన్నదేనండీ! అచ్చంగా మీరన్నదే!”

“నా మనసు కష్టపెట్టలేక అంటున్నావు.”

“మీ మనసు కోసమా!” ఆమె భోరుమంది. “బస్సు మన గుమ్మం ముందే ఆగుతుంది కదా! మీరు ఆ మాట అన్న రోజు నుంచి పాపను వానలోనైనా ఎండలోనైనా నడిపించే బడికి తీసుకెళ్తున్నానండీ! ఒక్కనాడు ఎక్కించలేదు. నమ్మకపోతే పసిదాన్ని అంత దూరం నడిపిస్తానా?”

ఆయన మెల్లగా తల్లి వంక చూశాడు. ఆవిడ గోడకానుకుని మోకాళ్లు ఒత్తుకుంటోంది.

“నన్నేం చూస్తావురా? ఆసుపత్రికి రోజూ ఎలా వచ్చాననుకున్నావు? నడిచే వచ్చాను. నీ మందు మార్చిన పాపిష్టిదాన్నే... కానీ నీ మాట నమ్మలేదనుకోకు నాయనా!”

ఆయన తల్లి ఒడిలో ముఖం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కోడలు పక్కనే కూలబడి ఆయన వీపు నిమిరింది. అత్తా కోడలూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చాలా రోజుల తర్వాత ఆ చూపులో కోపం లేదు.

బయట బస్సు వచ్చి ఆగింది. జనం ఎక్కారు. దిగుడు రోడ్డువైపు వెళ్లిపోయింది.