మగ్గం గుంటలో ఎర్తింగు

తొంభై ఏడు శ్రావణంలో, బండారులంకలోని మా అత్తగారి మగ్గం పాకని వర్క్‌షాపుగా మార్చాలని పట్టుబట్టాను. అమలాపురంలో ఎవరి కొట్లోనో కాలిపోయిన మోటార్లకి కొత్త తీగ చుట్టీ చుట్టీ విసుగెత్తింది. ఒకరి కింద పనిచేసే బుద్ధి నాకు పుట్టుకతోనే లేదు.

గోడ మీద సుద్దముక్కతో వైరింగంతా గీశాను. లైట్లకీ ఫ్యానుకీ ఒక లైను. చుట్టిన మోటార్లు తిప్పి చూడ్డానికి విడిగా మందం వైరు, పెద్ద ప్లగ్గు, దాని ఫ్యూజు దానికే. వానాకాలం నేల చెమ్మగిల్లుతుంది కాబట్టి బోర్డులన్నీ నడుమెత్తులో. ఇక ఎర్తింగు, దారి తప్పిన కరెంటు నేలలోకి దిగిపోడానికి. మా అత్తగారు రాజ్యం కాళ్ళు దించుకుని చీరలు నేసిన గుంట సిద్ధంగా ఉంది. ఎప్పుడూ తేమగా ఉండే చోటు, అంతకంటే ఏం కావాలి?

"అక్కడొద్దండి," అంది నా భార్య సూర్యావతి. "అమ్మ అందులో కాళ్ళు పెట్టుకునే పోయిందండి. మనవల్ని చూడకుండా పోయింది."

"ఆయ్, మీ అమ్మగారిని అడిగే పెడతాన్లే," అని ఏడిపించాను.

తనకప్పుడు ఏడో నెల. అంతకుముందు ఒకసారి కడుపు నిలవలేదు. ఆ బెంగతో అన్నిటికీ జడుస్తోందనుకున్నాను. గొట్టం దించి, ఉప్పూ బొగ్గూ పోసి గుంట పూడ్చేశాను.

ఆ రోజు నుంచి నాకే కుదురు లేదు. ఊరికే పాకలోకి వెళ్ళి గీతలు చెరిపి మళ్ళీ గీసేవాణ్ణి. ఎటునుంచి మొదలెట్టినా గీత ఆ గుంట దగ్గరికే వచ్చి ఆగేది.

ఓ సాయంత్రం వాన పట్టుకుంది. ఊరంతా కరెంటు పోయింది. పాకలోంచి చప్పుడు... టక్... టక్... మగ్గం తొక్కుతున్నట్టు. మగ్గం అమ్మేసి చాలా కాలమైంది.

సూర్యావతి ఇంట్లో లేదు.

పరిగెత్తాను. పాకలో తడి బొగ్గు వాసన, దాని వెనకాల నూలుకి పెట్టే గంజి వాసన. గోడకి వేలాడుతున్న టెస్టు బల్బు, చప్పుడు వచ్చినప్పుడల్లా ఎర్రబడి ఆరిపోతోంది. మీటరు నుంచి పాకకి నేనింకా వైరే లాగలేదు...

ఆ వెలుగులో కనిపించింది. నేల మీద కూర్చుని ఉంది. మోకాళ్ళ దాకా పూడ్చిన మట్టిలోకి దిగిపోయింది.

"లే, సూర్యా..."

"కాళ్ళు రావట్లేదండి," అని గొణిగింది. "కింద ఎవరో పట్టుకున్నారండి... గట్టిగా కాదండి. మెల్లిగా..."

కడుపులో బిడ్డ గుర్తొచ్చి చేతులతో మట్టి తవ్వాను. ఉప్పు గోళ్ళలో మండింది.

"అత్తగారూ, వదిలెయ్యండి... బిడ్డని మాకు వదిలెయ్యండి..."

బల్బు ఆరిపోయింది. కాళ్ళు ఒక్కసారిగా పైకి వచ్చేశాయి.

మర్నాడే గొట్టం పీకేసి, అమలాపురంలో అద్దెకి దిగాం. నెలలు నిండాక ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఏ గొడవా లేని కాన్పు. ఆనందం పట్టలేక నర్సమ్మకి దణ్ణం పెట్టాను. ఆవిడ నవ్వలేదు.

"పాప కాలికి ఈ దారం ఎవరు కట్టేరండీ? ఇప్పుడే కదండీ బయటికొచ్చింది..."

బొటనవేలికి తడి నూలుపోగు. తెగిన పోగుని అతకడానికి నేతగాళ్ళు వేసే ముడి.

తెంపబోయాను. సూర్యావతి నా చెయ్యి పట్టుకుంది.

"ఆగండి..." అంది గుసగుసగా. "రెండో కొస ఎక్కడుందో ముందు చూడండి."

పోగు మంచం అంచు దాటి కిందికి, నేలలోకి దిగింది. బిగుతుగా ఉంది.